అన్నమయ్య పాట ఎంత పాతది?

సంగీతం వినేవారిని రెండు వర్గాలుగా చూడడం పరిపాటి. విన్న పాటనే మళ్లీ మళ్లీ వినాలనుకునేవారు ఒకరు, వినని పాట కోసం వెతికేవారు మరొకరు. కర్ణాటక సంగీత సభల్లో ఈ వాదం ఎన్నటికీ తెగదు. ఏటా అవే కృతులు, అవే రాగాలు అని ఒక పక్షం విసుగుపడితే, తెలిసిన కృతిలోనే గాయకుడి ప్రతిభ తేటపడుతుందని రెండో పక్షం బదులు చెబుతుంది. ఈ రెండు పక్షాలకూ ఉమ్మడిగా ఒక నమ్మకం ఉంది. ఏది పాత పాటో, ఏది కొత్త పాటో చూడగానే తెలిసిపోతుందన్నది ఆ నమ్మకం.

ఆ నమ్మకం ఎంత బలమైనదో పరీక్షించడానికి తెలుగువారి చేతిలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. నేడు తెలుగు ఇళ్లలో, దేవాలయాల్లో, అమెరికాలో వారాంతపు సంగీత తరగతుల్లో వినిపించే పాటల్లో అన్నిటికంటే పాతవి ఏవని అడిగితే, ఎక్కువమంది చెప్పేవి అన్నమాచార్య సంకీర్తనలు. కవి 1408లో పుట్టి 1503లో మరణించాడని సంప్రదాయం. ఆ లెక్కన అవి త్యాగరాజ కృతులకంటే సుమారు మూడు వందల ఏళ్లు పెద్దవి. సాహిత్యం వరకు ఇది సరైన లెక్కే. సంగీతం మాటకు వస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. ఇంటింటా తెలిసిన అన్నమయ్య పాటల వర్ణమెట్లలో అత్యధికం ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో కట్టినవి. అంటే, త్యాగరాజ కృతుల వర్ణమెట్లకంటే నూరేళ్లకు పైగా చిన్నవి.

ఇది ఎవరినీ తప్పుపట్టవలసిన సంగతి కాదు. కొత్త సంగీతం ఒక సమాజంలోకి ఎలా ప్రవేశిస్తుంది, ఎంత త్వరగా పాతదిగా స్థిరపడుతుంది, స్థిరపడ్డాక మరో కొత్తదానికి ఎలా అడ్డు నిలుస్తుంది అన్న మూడు ప్రశ్నలకు ఈ చరిత్రలో సమాధానాలు దొరుకుతాయి.

రెండుసార్లు దొరికిన రేకులు

తాళ్లపాక వారి సంకీర్తనలు రాగిరేకుల మీదికి ఎక్కింది పదహారో శతాబ్దంలో. ఆ పనికి పూనుకున్నది అన్నమయ్య కుమారుడు పెదతిరుమలాచార్యుడు. తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారం అనే చిన్న రాతి అరలో వాటిని భద్రపరిచారు. రెండు వేలకు మించిన ఆ రేకుల్లో తండ్రి, కొడుకు, మనుమడు అనే మూడు తరాల కవుల రచనలున్నాయి. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రచించాడని ప్రతీతి. ఆయన పేరున మిగిలినవి 12,000కు పైగా ఉన్నాయి.

ఈ రేకుల సంగతి లోకానికి 1922లో తెలిసిందని సాధారణంగా చెబుతారు. దేవస్థానంలో శాసన పరిశోధకుడైన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కృషి వల్ల అవి వెలుగులోకి వచ్చిన మాట నిజమే. అయితే అంతకు నూరేళ్ల ముందే వాటిని చూసినవారున్నారు. 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణంలో ఎ. డి. కాంప్‌బెల్ అనే ఇంగ్లీషు ఉద్యోగి వీటిని ప్రస్తావించాడు. తిరుపతిలో రాగిరేకుల మీద తెలుగు వ్యాకరణ గ్రంథం ఒకటి ఉందని విని, ఆశతో నకళ్లు తెప్పించుకున్నాడు. తీరా చూస్తే అవన్నీ దేవుణ్ణి స్తుతించే పాటలు. అతనికి కావలసింది వ్యాకరణం. పాటలతో అతనికి పని లేదు. రేకులు మళ్లీ నూరేళ్లు మరుగున పడ్డాయి.

కొత్తది కంటబడినంత మాత్రాన దాన్ని కనుగొన్నట్టు కాదని ఈ ఉదంతం చెబుతుంది. దాన్ని కోరుకునే కాలం కూడా రావాలి. 1922 నాటికి తెలుగునాట ఆ కాలం వచ్చింది. ప్రాచీన తాళపత్రాల పరిష్కరణ, శాసనాల సేకరణ, భాషా చరిత్ర రచన ముమ్మరంగా సాగుతున్న రోజులవి. 1930ల నడిమికి సంకీర్తనల ముద్రణ మొదలైంది. ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి తిరుపతిలో ఈ పనికి అంకితమయ్యారు. అన్నమయ్య మనుమడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రను విపులమైన పీఠికతో ఆయన 1949లో వెలువరించారు. పాట పుస్తకంలోకి వచ్చింది, కవి చరిత్రలోకి వచ్చాడు. పాడే పద్ధతి మాత్రం ఎక్కడా దొరకలేదు.

పూర్తిగా దొరకలేదనడం కూడా సరికాదు. కొన్ని పాటలు జనం నోట బతికే ఉన్నాయి. దక్షిణాది భజన సంప్రదాయంలోని తోడయమంగళంలో అన్నమయ్య పాటలు కలిసిపోయి ఉన్నాయి. తెలుగు తల్లులు పాడే జోల పాటల్లోనూ ఆయన ముద్ర ఉంది. తిరుమల ఏకాంతసేవలో తాళ్లపాక వారి లాలి సాగుతూనే వచ్చింది. కానీ వేల సంఖ్యలో ఉన్న ఆ భాండారం ముందు ఈ మిగులు ఎంత స్వల్పమో చెప్పనక్కరలేదు.

ఏ ముఖారి?

రాగిరేకుల మీద ప్రతి పాటకూ తలకట్టుగా రాగం పేరు ఉంటుంది. స్వరలిపి ఉండదు. రాగం పేరు తెలిసిన తర్వాత పాడడానికి ఇబ్బందేమిటని అనిపించవచ్చు. ఆ ఇబ్బంది ఎంత లోతైనదో చూపడానికి ఒక్క రాగం చాలు.

అన్నమయ్య పాటల్లో బహుళ ప్రచారం పొందిన వాటిలో ‘నానాటి బతుకు’ ఒకటి. నేడు దాన్ని రేవతి రాగంలో పాడతారు. ఆ వర్ణమెట్టు నేదునూరి కృష్ణమూర్తిది. ఐదు స్వరాల రేవతి రాగం కచేరీల్లో ప్రచారానికి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. రేకు మీద ఆ పాటకున్న రాగం పేరు ముఖారి. అయితే మూలానికి కట్టుబడి ముఖారిలోనే పాడవలసింది కదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

నేటి ముఖారి సాధారణంగా 22వ మేళమైన ఖరహరప్రియకు జన్యంగా చెప్పే రాగం. ఆరోహణలో చతుశ్శ్రుతి ధైవతం, అవరోహణలో శుద్ధ ధైవతం దాని గుర్తులు. కానీ 1550లో విజయనగరంలో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో ముఖారి మొట్టమొదటి మేళం. అందులో ఏడూ శుద్ధ స్వరాలే. నేటి లెక్కలో అది కనకాంగికి సమానం. అన్నమయ్య మరణించి అప్పటికి యాభై ఏళ్లు కూడా కాలేదు. పాటలు రేకులకెక్కింది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే. కాబట్టి రేకు మీది ముఖారి ఆనాటి ముఖారి అయి ఉండాలి. నేటి గాయకుడు ఎంతో నిష్ఠతో ముఖారిలో పాడినా, పేరు మాత్రమే పాతది అవుతుంది, స్వరాలు కావు. ఇక ఆ శుద్ధ స్వరాల మేళంలోనే పాడదామంటే, ఆనాటి గమకాలు, సంచారాలు ఎలా ఉండేవో చెప్పే గురుశిష్య పరంపర లేదు.

ముఖారి పేరైనా మిగిలింది. అబాళి, కొండమలహరి, తెలుగుఁగాంబోది వంటి రాగాలు రేకుల మీద పేర్లుగా మాత్రమే కనిపిస్తాయి. నేటి కచేరీలో వాటికి చోటు లేదు. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండిప్రకాశికలో 72 మేళాల ప్రణాళిక వేసిన తర్వాత దక్షిణాది సంగీతపు ఆలోచనా విధానమే మారిపోయింది. అందుకే పాత సంగీతాన్ని యథాతథంగా తిరిగి తేవడం అన్న మార్గం ఈ పాటల విషయంలో మొదటి నుంచీ మూసుకుపోయింది. ఎంచుకోవలసింది రెండే: మౌనం, లేదా కొత్త వర్ణమెట్టు.

పరంపర కలిగిన పాట

త్యాగరాజ కృతులకు ఈ చిక్కు రాలేదు. 1847లో ఆయన మరణించే నాటికే వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యశాఖలు ఆ కృతులను నేర్చి, రాసుకుని, మరొకరికి నేర్పడం మొదలుపెట్టాయి. సుమారు 700 కృతులు అలా నిలిచాయి. శాఖను బట్టి పాఠాంతరాలున్నా, పాటకు ఒక వంశవృక్షం ఉంది. అన్నమయ్య పాటలకు గట్టి రాగి మీద సాహిత్యం నిలిచింది, సంగీతం పోయింది. త్యాగరాజ పాటలకు మనుషుల గొంతులే ఆధారం, అయినా సంగీతం నిలిచింది. సంగీతాన్ని కాపాడడంలో లోహంకంటే అలవాటే గట్టిదని ఈ పోలిక తేలుస్తుంది. విన్నదే వినడం, పాడిందే పాడడం అన్న గుణాన్ని తేలికగా తీసిపారేయకూడదనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కరలేదు.

అయితే ఆ పరంపరలో అందివచ్చిన పాట తన కాలంలో ఎంత కొత్తదో కూడా గుర్తుంచుకోవాలి. త్యాగరాజు తనకు ముందు కృతులంటూ లేని ఎన్నో రాగాలకు రూపమిచ్చాడు. నేడు కర్ణాటక సంగీతానికి మూలస్తంభంలా కనిపించే ఖరహరప్రియ ఆయన కృతుల వల్లనే ప్రాణం పోసుకుంది. ముత్తుస్వామి దీక్షితులు గాని, శ్యామశాస్త్రి గాని ఆ రాగంలో కృతులు చేసిన దాఖలా లేదు. రాగాలాపనకు ఇంత విస్తారమైన అవకాశమున్న ఆ రాగం రెండు వందల ఏళ్ల కిందట ఒక వాగ్గేయకారుడు చేసిన సాహసం. శిష్యులు దాన్ని విడవకుండా పాడడం వల్ల అది సంప్రదాయమయింది. కొత్తదనం, పునరావృత్తి రెండూ ఒకే పనిలోని రెండు దశలని ఇక్కడ స్పష్టమవుతుంది.

వర్ణమెట్లు కట్టినవారు

1950 ప్రాంతంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తిరుపతికి వచ్చారు. అనంతపురం జిల్లాలో 1893లో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల పాటు తెలుగు బోధించిన పండితుడాయన. బిడారం కృష్ణప్ప వద్ద సంగీతం నేర్చినవారు కూడా. రేకుల్లోని సాహిత్యాన్ని పరిష్కరించగల భాషాజ్ఞానం, దాన్ని పాడగల సంగీతజ్ఞానం ఒకే వ్యక్తిలో ఉండడం ఈ చరిత్రలో పెద్ద అదృష్టం. ఆయన సంపుటాలను పరిష్కరించడమే కాక, కొన్ని పాటలకు వర్ణమెట్లు కట్టి స్వరలిపితో ప్రకటించారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది.

ఆ తర్వాత మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు ఈ దారిలో నడిచారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పింది. దాని గాయకుడుగా గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వందల పాటలకు వర్ణమెట్లు కట్టి పాడారు.

పాత సాహిత్యానికి కొత్త వర్ణమెట్లు కట్టడం తెలుగువారికే పరిమితమైన పని కాదు. 1940లలో తమిళ ఇసై ఉద్యమం కచేరీల్లో తెలుగు కృతుల ఆధిక్యాన్ని ప్రశ్నించింది. తమిళ పాటలకు కచేరీ నడుమ చోటు కావాలని కోరింది. ఆ వాతావరణంలో అరియక్కుడి రామానుజ అయ్యంగార్ పద్దెనిమిదో శతాబ్దపు అరుణాచలకవి రామనాటక కీర్తనలకు కొత్త వర్ణమెట్లు సమకూర్చారు. తిరుప్పావై పాశురాలనూ రాగాల్లో కూర్చారు. నేటి శ్రోత వాటిని కూడా అనాదిగా వస్తున్న పాటలుగానే వింటాడు. తనకు ఇష్టమైన పాత పాటలను ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న ఆనాడు ఒక భాషాసమాజపు గౌరవానికి సంబంధించిన ప్రశ్నగా మారింది.

కొత్త పాట పాతబడిన తీరు

అరవై డెబ్బయ్యేళ్ల కిందట పుట్టిన వర్ణమెట్లు ఇంత త్వరగా ప్రాచీనమైనవిగా ఎలా కనిపించాయి? ఇందుకు కారణాలు కొన్ని స్పష్టంగానే ఉన్నాయి.

మొదటిది, అవి తెలిసిన గుమ్మం గుండానే లోపలికి వచ్చాయి. మధ్యమావతి, శుద్ధధన్యాసి వంటి రాగాలు శ్రోతల చెవులకు అప్పటికే బాగా అలవాటైనవి. పల్లవి, చరణాల నిర్మాణం కృతికి దగ్గరగా ఉండడంతో అపరిచిత భావన కలగలేదు. పాట కొత్తదైనా రాగం పాతది. రాగం కొత్తదైన చోట సాహిత్యం పాతది.

రెండోది, వాటికి లభించిన చోటు. కచేరీలో ప్రధాన కృతి, రాగం తానం పల్లవి ముగిసిన తర్వాత వచ్చే తుక్కడాల భాగంలో కొత్త పాట వినడానికి శ్రోతకు అభ్యంతరం ఉండదు. పదాలు, జావళీలు పాడే ఆ చోటులోకి అన్నమయ్య పాటలు సులువుగా చేరాయి. ఇటు 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ‘భక్తిరంజని’ ద్వారా భక్తిగీతాలను ఇంటింటి ఉదయాలకు అలవాటు చేసింది. రోజూ వినే పాట ఎంత కొత్తదైనా కొద్ది ఏళ్లలో ఇంటి పాట అయిపోతుంది.

మూడోది, ఒక మహాగాయని గొంతు. 1980 ప్రాంతంలో దేవస్థానం కోసం ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల రికార్డులు ఈ పాటలను తెలుగునాట హద్దులు దాటించాయి. వాటిలో నేదునూరి వర్ణమెట్లున్నాయి. రికార్డుకు ఒక లక్షణం ఉంది: అది పాటను ఒకే రూపంలో స్థిరపరుస్తుంది. పాఠాంతరాలు పుట్టడానికి కావలసిన వ్యవధి అక్కడ ఉండదు. 1997లో వచ్చిన అన్నమయ్య చలనచిత్రం ఆ పాటల పరిచయాన్ని సంగీత సభలతో సంబంధం లేనివారి వరకు తీసుకుపోయింది. చిత్రంలో కథానాయకుడే తంబురా మీటుతూ పాడతాడు కాబట్టి, వర్ణమెట్టు కూడా పదిహేనో శతాబ్దానిదే అన్న భావన ప్రేక్షకుడి మనసులో ముద్రపడడం సహజం.

ఈ క్రమంలో ఒక లోపం జరిగింది. పాట పాతదిగా స్థిరపడిన కొద్దీ, దానికి సంగీతం సమకూర్చినవారి పేరు మాసిపోయింది. సాహిత్యానికి అన్నమయ్య ముద్ర ‘వేంకటేశ్వర’ నామంగా పాటలోనే ఉంది. వర్ణమెట్టు కట్టినవారికి అటువంటి ముద్ర లేదు. వేదిక మీద రాగం, తాళం పేర్లు చెప్పి, వర్ణమెట్టు ఎవరిదో చెప్పకుండా వదిలేయడం మామూలైంది. రాళ్లపల్లి, నేదునూరి, బాలకృష్ణప్రసాద్ తమ కాలపు కొత్త సంగీతాన్ని సృష్టించారు. వారి విజయం ఎంత సంపూర్ణమైనదంటే, ఆ సృష్టి వారిదన్న సంగతే శ్రోత మరిచిపోయాడు.

పన్నెండు వేలలో ఎన్ని?

2009 మే 10న సికిందరాబాదు పరేడ్ మైదానంలో లక్ష గళ సంకీర్తనార్చన జరిగింది. దాన్ని తలపెట్టినది కాలిఫోర్నియాలో పుట్టిన ప్రవాసాంధ్ర సంస్థ సిలికానాంధ్ర. లక్షకు మించిన జనం ఒక్క గొంతుతో పాడారు. అంతమంది కలిసి పాడగలగడానికి మూలం, ఆ పాటలు అందరికీ ఒకే వర్ణమెట్టులో తెలిసి ఉండడం. పాడిన సంకీర్తనలు ఏడు.

ఈ రెండు అంకెల నడుమనే నేటి సమస్య ఉంది. రేకుల్లో 12,000కు పైగా పాటలున్నాయి, సమాజానికి కంఠస్థమైనవి అతి కొద్ది. పెద్ద సమావేశానికి ఏడు పాటలు సరిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒకే పాట తెలిసిన జనమే కలిసి పాడగలుగుతారు. దేశాంతరంలో పెరిగే పిల్లలకు మరో ఊరి పిల్లలతో గొంతు కలపగలిగే అవకాశాన్ని ఇచ్చేది ఆ కొద్ది పాటల ఉమ్మడి జ్ఞానమే. దాన్ని చిన్నచూపు చూడడం తగదు. కానీ వారాంతపు తరగతిలో, పోటీల్లో, కచేరీ చివర, రికార్డులో కూడా అవే పాటలు తిరుగుతూ ఉంటే, 1922లో తెరిచిన అర మళ్లీ సగం మూసుకున్నట్టే.

ఈ ఎంపికలో ఒక మొగ్గు కూడా ఉంది. రేకుల్లో అధ్యాత్మ సంకీర్తనలకంటే శృంగార సంకీర్తనల సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రచారంలో ఉన్న పాటల్లో అధ్యాత్మ సంకీర్తనల పాలు ఆ నిష్పత్తికి ఎంతో మించి కనిపిస్తుంది. అలమేలుమంగ అలుకలు, చెలికత్తెల ఎత్తిపొడుపులు, ఇంటి మాటల నుడికారం నిండిన పాటలు పుస్తకాల్లో నిద్రపోతున్నాయి. తెలిసిన పాటలకే పరిమితమైతే పోయేది సంఖ్య ఒక్కటే కాదు. కవి స్వరూపమే మారిపోతుంది. తెలుగువారికి తెలిసిన అన్నమయ్య చాలావరకు వైరాగ్యం, శరణాగతి పాడినవాడు. రేకుల్లోని అన్నమయ్య అంతకంటే చాలా పెద్దవాడు.

పాత పాటను వదలాలా, కొత్త పాటను వెతకాలా అన్న వాదానికి ఈ చరిత్ర ఒక సమాధానం ఇస్తుంది. ముఖారి పేరు కింద స్వరాలు మారాయి. ఖరహరప్రియ సాహసంగా మొదలై సంప్రదాయంగా నిలిచింది. రాళ్లపల్లి కాలంలో కొత్తగా విన్న పాటను వారి మనుమల తరం అమ్మమ్మల పాటగా నేర్చుకుంటోంది. పాత పాట మీద ప్రేమ ఎవరికైనా ఉందంటే, ఆ పాటను కొత్తగా విని ఆదరించిన ఒక తరం వెనుక ఉందని అర్థం. నేదునూరి వర్ణమెట్టును నేటి విద్యార్థి శ్రద్ధగా నేర్చుకోవడం ఆ తరానికి తీర్చుకునే రుణంలో సగం. మిగిలిన సగం, ఇంతవరకు ఎవరూ వర్ణమెట్టు కట్టని ఒక రేకును తెరిచి, అది తమ కాలపు సంగీతమని ఒప్పుకుంటూ, కట్టినవారి పేరు చెబుతూ పాడడం. సంపుటాలన్నీ అచ్చయి ఉన్నాయి. పాడవలసిన పాటలు వేల సంఖ్యలో ఎదురుచూస్తున్నాయి.